టాంజానియాకి పోయిన మా చెనిక్కాయ మిషన్, దాని వెనక పేటెంట్ తిప్పలు

2023 మార్చిలో సప్తగిరి సర్కిల్ దగ్గర నా ఫొటో పెట్టి ఒక ఫ్లెక్సీ కట్టారు. 'అంతర్జాతీయ పేటెంట్ సాధించిన మన అనంతపురం బిడ్డకు అభినందనలు' అని రాశారు. కట్టించింది మా ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో పక్క షాపుల వాళ్లే, ప్రేమతోనే. కానీ ఆ దారిన పోయినప్పుడల్లా నాకు తల దించుకోవాలనిపించేది. అప్పటికి నా చేతిలో ఉన్నది పేటెంట్ కాదు, ఒక దరఖాస్తు నంబరు. అసలు అంతర్జాతీయ పేటెంట్ అనేదే లేదు. ఏ దేశపు పేటెంట్ ఆ దేశపు ఆఫీసో, కొన్ని దేశాలు కలిసి పెట్టుకున్న ఆఫీసో ఇవ్వాల్సిందే. ఆ సంగతి రెండేళ్ల ముందు నాకూ తెలీదు కాబట్టి వాళ్లని ఏమీ అనలేకపోయాను. ఎండకి రంగు వెలిసిపోయేదాకా అది అక్కడే వేలాడింది.

మాది చిన్న వర్క్‌షాపు. మా నాయన ఒక లేత్, ఒక వెల్డింగ్ సెట్‌తో మొదలుపెట్టాడు. ఇప్పుడు నాతో కలిపి ఏడుగురం. గొర్రు, గుంటక, ట్రాలీ రిపేర్లు, ఏది వస్తే అది చేస్తాం. చెనిక్కాయలు ఒలిచే మిషన్లు నాయన కాలం నుంచీ చేస్తున్నాం. అయితే అవి నూనె మిల్లుకి పోయే కాయకే పనికొస్తాయి, విత్తనానికి కాదు.

విత్తనం పప్పు లెక్క వేరు. పప్పు మొన దగ్గర చిన్న ముక్కు ఉంటుంది, మొలక వచ్చేది అక్కడి నుంచే. ఆ ముక్కు విరిగినా, పైనున్న ఎర్రటి పొర లేచిపోయినా, పప్పు రెండు బద్దలైనా ఇంక అది చట్నీకే. అందుకే మా వైపు విత్తే కాలం దగ్గర పడుతోందంటే ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని చేత్తో ఒలుస్తారు. ఆ రోజుల్లో మా అమ్మ కుడిచేతి బొటనవేలి గోరు సగానికి అరిగిపోయి ఉండేది. అన్నం కలుపుకుంటే కారం మండుతుందని స్పూను వేసుకుని తినేది. ఇప్పుడు ఒలిచేవాళ్లు దొరకడం లేదు, దొరికినా కూలి గిట్టడం లేదు.

2020లో లాక్‌డౌన్‌లో షాపు మూసినప్పుడు ఈ పని పట్టుకున్నాను. కాయను కొట్టే ఇనుప బీటర్‌కి రబ్బరు తొడిగాను. కింద జల్లెడను బోల్టులతో బిగించేయకుండా స్ప్రింగుల మీద కూర్చోబెట్టాను. లావు కాయ వస్తే జల్లెడ కాస్త కిందికి దిగుతుంది, పప్పు నలగదు. 2021 జూన్‌లో ధర్మవరం దగ్గర మా అత్తగారి ఊళ్లో ట్రయల్ వేశాం. మా బామ్మర్ది మూత తీయించి, స్ప్రింగును వేలితో నొక్కి చూపిస్తూ నాలుగు నిమిషాల వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టాడు. వారం తిరక్కుండా "బావా, పదకొండు వేల మంది చూసినారు" అని ఫోన్ చేస్తే నేనూ అందరికీ చెప్పుకుని తిరిగాను.

ఆ మిషన్‌లో ఒక లోపం మాత్రం మిగిలింది. పైనుంచి కాయ ఎక్కువ పడితే స్ప్రింగు ఒక్కటే చాలేది కాదు, పప్పు బద్దలయ్యేది. రెండు మూడు నెలలు తల బద్దలు కొట్టుకుని, హాపర్ (పైన కాయ పోసే డబ్బా) కింద ఉండే తలుపుకీ జల్లెడకీ మధ్య ఒక లివర్ పెట్టాను. కాయ ఎంత పడుతుందో దాన్నిబట్టి సందు దానంతటదే పెరుగుతుంది, తగ్గుతుంది. ఇది 2021 అక్టోబరు మాట. ఈ లివర్ మాత్రం షాపు గడప దాటలేదు. తెలివితో దాచిపెట్టామని కాదు, అప్పటికి విత్తే కాలం అయిపోయింది, చూపించడానికి ఎవరూ లేరు.

ఆ వీడియో చూసి వచ్చినవాళ్లలో బెంగళూరు వ్యాపారి ఒకాయన ఉన్నాడు. ఆయన టాంజానియా నుంచి కందులు దిగుమతి చేస్తాడు. అక్కడ చెనిక్కాయ కూడా బాగా పండుతుందట, అక్కడా ఒలిచేది ఆడవాళ్లేనట. లివర్ లేని పాత మోడల్ రెండు కొనుక్కుని పంపించాడు. 2022 జనవరిలో మళ్లీ షాపుకి వచ్చాడు. "ఇంకో పన్నెండు కావాలప్పా. కానీ ఒకటి చెప్తా విను. మన సరుకు అక్కడ కాస్త నడిచిందంటే ఏడాదికల్లా ఇదే మిషన్ చైనా నుంచి సగం రేటుకి దిగుతుంది. పేటెంటో గీటెంటో ఏదో ఒకటి చూసుకో. దార్-ఎస్-సలాంలో నాకు తెలిసిన లాయర్ ఉన్నాడు, నేరుగా అక్కడే వేయించేద్దాం" అన్నాడు. నాకు భలే నచ్చింది. డ్రాయింగులు వాట్సాప్‌లో పంపడానికి కూర్చున్నాను కూడా.

ఆపింది మా మేనల్లుడు. జేఎన్‌టీయూలో మెకానికల్ చదివి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. "మామా, రెండు రోజులు ఆగు" అని, అక్కడ ఒక పేటెంట్ ఏజెంట్ దగ్గరికి తీసుకుపోయాడు. ఆవిడది హిందూపురం, మన తెలుగే. కూర్చోగానే రెండు ప్రశ్నలు అడిగింది. "ఇండియా బయట ఎక్కడైనా దరఖాస్తు పెట్టారా?" లేదన్నాను. "ఇప్పటిదాకా దీన్ని ఎవరికైనా చూపించారా?" పదకొండు వేల మందికి అని మేనల్లుడు నవ్వుతూ చెప్పాడు. ఆవిడ నవ్వలేదు.

మొదటి ప్రశ్న ఎందుకంటే, మన పేటెంట్ చట్టంలో 39వ సెక్షన్ ఉంది. ఇండియాలో ఉండేవాడు తన ఆవిష్కరణ మీద ముందుగా బయట దేశంలో దరఖాస్తు పెట్టకూడదు. ఇక్కడ పెట్టి ఆరు వారాలు ఆగాలి, లేదా ఫారం 25 పెట్టి అనుమతి తెచ్చుకోవాలి. వ్యాపారి మాట విని దార్-ఎస్-సలాంలో వేసి ఉంటే ఇక్కడి దరఖాస్తు పోవడమే కాదు, శిక్ష పడే నేరం కూడా అయ్యేది. ఆ పెద్దాయన మంచికే చెప్పాడు, ఆయనకీ తెలీదు.

రెండో ప్రశ్నకే నాకు చెమటలు పట్టాయి. పేటెంట్ అడిగే రోజుకి ఆ సంగతి లోకానికి తెలిసి ఉండకూడదు. తెలిపింది మనమే అయినా సరే. అమెరికాలో మనంతట మనం బయటపెట్టుకుంటే ఏడాది వరకు చూసీచూడనట్టు పోతారు. యూరప్‌లో ఆ జాలి లేదు. మన దేశంలోనూ ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శన లాంటి కొద్ది సందర్భాలు తప్పితే అంతే. ఇప్పుడే డిలీట్ చేయిస్తానన్నాను. "తీసేసినా పెట్టిన తేదీ పోదు కదండీ. పెట్టిన రోజే అది అందరిదీ అయిపోయింది" అంది ఆవిడ. రబ్బరు బీటర్, స్ప్రింగు జల్లెడ, వీడియోలో కనిపించిన రెండూ విడివిడిగా చేజారినట్టే. కనిపించనిది లివర్ ఒక్కటే. అనంతపురానికి తిరిగొచ్చే బస్సులో మేనల్లుడికీ నాకూ మాటల్లేవు.

2022 ఫిబ్రవరి 14న చెన్నై పేటెంట్ ఆఫీసులో ప్రొవిజనల్ దరఖాస్తు, అంటే ముందు తేదీ పట్టుకోవడానికి పెట్టే తాత్కాలిక దరఖాస్తు, ఆన్‌లైన్‌లో పెట్టాం. మన రాష్ట్రం చెన్నై ఆఫీసు కిందికి వస్తుంది. వ్యక్తిగా పెడితే ప్రభుత్వ ఫీజు 1,600 రూపాయలే, పెద్ద కంపెనీలకైతే 8,000. ఏజెంట్ ఫీజు వేరే, అసలు ఖర్చు అక్కడే. ఆ రోజు నుంచి ఏడాదిలోగా పూర్తి స్పెసిఫికేషన్, అంటే మిషన్ వివరమంతా రాసిన కాగితం, ఇవ్వాలి. బయట దేశాలకి పోవాలన్నా అదే ఏడాది గడువు. ఆ లోపు ఎక్కడ పెట్టినా మన ఫిబ్రవరి 14 తేదీనే లెక్కలోకి తీసుకుంటారు. దీనికి ఆధారం పారిస్ ఒప్పందమని 1883 నాటిది, మన దేశం అందులో చేరింది 1998లో.

పూర్తి స్పెసిఫికేషన్ రాసిన పది రోజులు నాకు బాగా నచ్చిన రోజులు. ఆవిడే అనంతపురం వచ్చింది. షాపు గచ్చు మీద సుద్దముక్కతో నేను గీస్తుంటే ఫొటోలు తీసుకుంది. ప్రతిదానికీ "ఇది లేకపోతే ఏమవుతుంది? దీని బదులు ఇంకేం పెట్టొచ్చు?" అని అడిగేది. కాగితం తిరిగొచ్చాక చూస్తే నా మిషన్‌ని నేనే గుర్తుపట్టలేకపోయాను. నా స్ప్రింగు కాస్తా 'రెజిలియెంట్ మెంబర్' అయి కూర్చుంది. స్ప్రింగుని స్ప్రింగు అనడానికి ఏం రోగం అన్నాను. "స్ప్రింగు అని రాస్తే రేపు ఎవడో రబ్బరు దిమ్మ పెట్టి, నాది స్ప్రింగు కాదంటాడు" అంది. ముప్పై ఏళ్లుగా మిషన్లు చేస్తున్నాను, నా మిషన్‌ని ఎన్ని రకాలుగా దొంగిలించవచ్చో ఆ పది రోజుల్లోనే తెలిసింది.

ఏడాది గడిచేసరికి ఏ దేశం అనేది తేలలేదు, చేతిలో అంత డబ్బూ లేదు. అప్పుడు ఏజెంట్ పీసీటీ (పేటెంట్ కోఆపరేషన్ ట్రీటీ, దేశాల మధ్య ఒప్పందం) అనే దారి చెప్పింది. ఒకే దరఖాస్తు, నూట యాభైకి పైగా దేశాల్లో హక్కు అడిగే అవకాశం నిలబడి ఉంటుంది. ఏ దేశమో తేల్చుకోవడానికి చాలా చోట్ల మొదటి తేదీ నుంచి 30 నెలల దాకా టైముంటుంది, కొన్ని చోట్ల 31. పేటెంట్ మాత్రం ఇవ్వరు. నా మాటల్లో చెప్పాలంటే అది సీటు కాదు, సీటు మీద వేసిన తువ్వాలు.

ఇక్కడ మా ఆడిటర్‌కీ ఆవిడకీ చిన్న పేచీ వచ్చింది. ఆర్డర్లు వస్తున్నాయి గదా, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టి దాని పేరు మీద పీసీటీ వేయమని ఆయన. వద్దని ఆవిడ. పీసీటీ ఫీజు ఈ ఒప్పందాన్ని నడిపే వైపో అనే ఐక్యరాజ్యసమితి సంస్థకి, స్విట్జర్లాండ్‌కి పోతుంది, అప్పట్లో 1,330 స్విస్ ఫ్రాంకులు, మన డబ్బుల్లో లక్ష పైమాటే. దరఖాస్తుదారు మన దేశంలో ఉండే మన పౌరుడైతే, కంపెనీ కాకుండా మనిషి అయితే, అందులో 90 శాతం తగ్గిస్తారు. దరఖాస్తులో ఒక్క కంపెనీ పేరు చేరినా ఆ తగ్గింపు పోతుంది. నాది ప్రొప్రైటర్‌షిప్, నా పేరు మీదే వేశాం. ఇలాంటిది ముందే ఉందేమో లోకం మీద వెతికి రిపోర్టు ఇచ్చే పనికి మన పేటెంట్ ఆఫీసునే ఎంచుకున్నాం, దానికి వ్యక్తులకైతే 2,500 రూపాయలే. కంపెనీ పెట్టుకోవాలంటే తర్వాతైనా పెట్టుకోవచ్చు, ఈ తగ్గింపు తర్వాత రాదు.

ఇది జరిగింది 2023 ఫిబ్రవరిలో. ఫ్లెక్సీ కట్టింది దీనికే.

జూన్‌లో సెర్చ్ రిపోర్టు వచ్చింది. నాకు అర్థమైంది అందులో ఎడమ పక్క ఉన్న ఒంటి అక్షరాలే. 'ఎక్స్' అంటే ఆ పాత కాగితం ఒక్కటే మన క్లెయిమ్‌ని (ఫలానాది నాది అని దరఖాస్తులో రాసుకున్న వాక్యాన్ని) పడగొట్టేస్తుంది. 'వై' అంటే ఇంకోదానితో కలిస్తే పడగొడుతుంది. 'ఏ' అంటే ఊరికే చుట్టరికం, భయం లేదు. మా మొదటి క్లెయిమ్ ఎదురుగా ఎక్స్ ఉంది. కాయ పడే తలుపుతో సందును కలిపే ఏర్పాటు వడ్లు దంచే ఒక పాత మిషన్‌లో ఉందట. ఆ రోజు అన్నం దిగలేదు. ఆవిడ మాత్రం నాలుగో క్లెయిమ్ చూపించింది. లివర్‌నీ స్ప్రింగు జల్లెడనీ కలిపి చెప్పింది అది, దాని ఎదురుగా ఏ ఉంది. క్లెయిమ్‌లు సవరించి దాన్నే ముందుకు తెచ్చాం. హక్కు చిన్నదైంది, గట్టిదైంది. నేను చేసే మిషన్ దానికిందికి వస్తుంది, నాకది చాలు.

18 నెలలకి దరఖాస్తు ప్రచురిస్తారు, పేరూ అడ్రసూ అందరికీ కనిపిస్తాయి. సెప్టెంబరులో పోస్ట్‌మ్యాన్ ఒక కవరు తెచ్చి ఇచ్చాడు. మంచి మందం కాగితం, పైన గ్లోబు బొమ్మ, నా దరఖాస్తు నంబరు, నా మిషన్ పేరు, కింద రెండు వేల యూరోల చిల్లర కట్టమని బ్యాంకు వివరాలు, పది రోజుల గడువు. అంతర్జాతీయ రిజిస్టర్‌లో నమోదు ఫీజట. నేను షాపులో లేను. నా భార్య దాన్ని ఆడిటర్ దగ్గరికి తీసుకుపోయింది, ఆయన బ్యాంకు ఫారం నింపడం మొదలుపెట్టాడు. గడువు అనే మాట చూస్తేనే మా ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకునే రోజులవి. అదృష్టం కొద్దీ ఏజెంట్‌కి ఫొటో పంపారు. ఆవిడ రెండు ముక్కల్లో జవాబిచ్చింది: "చించేయండి. దొంగలు." ప్రచురణ అయిన దరఖాస్తుల నుంచి అడ్రసులు ఏరుకుని ఇలాంటి ఉత్తరాలు పంపేవాళ్లు చాలామంది ఉన్నారు, జాగ్రత్త అని వైపో తన వెబ్‌సైట్‌లోనే నమూనాలు పెట్టి హెచ్చరిస్తుంది. తర్వాత నాలుగు నెలల్లో ఇంకో మూడు వచ్చాయి. ఒకటి దాచి పెట్టుకున్నాను, కాగితం నిజంగా చాలా బాగుంది.

2024 మేలో బెంగళూరులో కూర్చుని దేశాలు తేల్చాం. మేనల్లుడికి అమెరికా మీద మోజు. "జార్జియాలో చెనిక్కాయ బ్రహ్మాండంగా పండుతుంది మామా, వీడియో గొడవ కూడా అక్కడ లేదు" అన్నాడు. పండుతుంది, కానీ వాళ్ల పొలాల సైజుకి నా మిషన్ ఆటబొమ్మ. యూరప్ సంగతి ఎవరూ ఎత్తలేదు. చైనా దగ్గర మాత్రం గంటసేపు ఆగాం. ప్రపంచంలో చెనిక్కాయ అందరికంటే ఎక్కువ పండేది అక్కడే, నకలు తయారయ్యేదీ అక్కడే అని నా భయం. దరఖాస్తంతా చైనా భాషలోకి మార్చాలి, అక్కడి ఏజెంట్‌ని పెట్టుకోవాలి. ఆవిడ ఒకటే అడిగింది: "అక్కడ ఎవడో కాపీ కొట్టాడనుకోండి, మీరు పోయి కోర్టులో నిలబడతారా?" నిలబడను. మరి టాంజానియాలో పేటెంట్ ఉంటే? నకలు ఎక్కడ తయారైనా అక్కడ దిగుమతి చేసి అమ్మేవాడిని ఆపొచ్చు. ఆ పని చూసుకోవడానికి అక్కడ మా వ్యాపారి ఉన్నాడు, ఆయనకీ అందులో లాభం ఉంది. మనకంటూ మనిషి లేని దేశంలో పేటెంట్ తీసుకుంటే ఫ్రేము కట్టి గోడకి పెట్టుకోవడానికే అని నాకు అప్పుడు గట్టిగా అనిపించింది. అన్నీ కలిపి ఆరు చోట్ల వేస్తే పదహారు లక్షలు దాటుతుందని ఆవిడ లెక్క వేసి చూపించాక ఆ అనిపించడం ఇంకా గట్టిపడింది.

 టాంజానియాకి ఆరిపో ద్వారా పోవచ్చు. ఎక్కువగా ఇంగ్లిష్ వాడే ఆఫ్రికా దేశాలు కలిసి జింబాబ్వేలోని హరారేలో పెట్టుకున్న ఆఫీసు అది. ఒక దరఖాస్తు, ఒక పరీక్ష, మనం ఎంచుకున్న దేశాల్లో హక్కు. ఇంగ్లిష్‌లోనే కాబట్టి అనువాదం ఖర్చు లేదు. అయితే ఎంచుకున్న ప్రతి దేశానికీ విడిగా ఫీజు, దరఖాస్తు పరీక్షలో ఉండగానే ఏటేటా కట్టే ఫీజు కూడా. కాబట్టి ఉన్నాయి కదా అని అన్నిటికీ టిక్ పెట్టకూడదు. సెనెగల్ లాంటి ఫ్రెంచి దేశాలకి ఓఏపీఐ అని వేరే ఆఫీసు ఉంది, 17 దేశాలకి ఒకే పేటెంట్. సెనెగల్ పేరు వినగానే చెనిక్కాయే గుర్తొస్తుంది గానీ మాకు అక్కడ ఎవరూ లేరు. నైజీరియా ఈ రెండిట్లోనూ లేదు. సూడాన్ ఆరిపోలోనే ఉంది, పంటా పెద్దదే, కానీ 2023 ఏప్రిల్ నుంచి అక్కడ యుద్ధం. చివరికి టాంజానియా, మలావి, మొజాంబిక్ పెట్టుకున్నాం. వ్యాపారి కందులు కొనేది ఆ మూడు చోట్లే. ఆరిపోకి 31 నెలలు, అంటే సెప్టెంబరు 14. ఆగస్టు ఆఖర్లో వేశాం. ఇక్కడి ఫీజు, అక్కడి ఏజెంట్ ఫీజు కలిపి నాకు మూడు లక్షల చిల్లర అయింది. ఆ డబ్బు కోసం పాత లేత్ అమ్మాను. నాయనకి చెప్పలేదు, ఆయనే షాపుకొచ్చి చూసి, ఏమీ అనకుండా పోయాడు.

ఇండియా పేటెంట్ దీనికంటే సులువుగా అయింది. పీసీటీలో మన ఆఫీసునే సెర్చ్‌కి ఎంచుకున్నవాళ్లు ఫారం 18ఏ పెట్టి త్వరగా పరీక్ష చేయించుకోవచ్చు, వ్యక్తులకి 8,000 ఫీజు. అభ్యంతరాలు రాశారు, జవాబిచ్చాం, వీడియో కాల్‌లోనే హియరింగ్ జరిగింది. 2024 నవంబరులో వచ్చేసింది. కేంద్రంలో చిన్న పరిశ్రమలు చూసే ఎంఎస్ఎంఈ శాఖ 2022లో తెచ్చిన ఇన్నోవేటివ్ స్కీములో ఇండియా పేటెంట్‌కి లక్ష దాకా, విదేశీ పేటెంట్‌కి ఐదు లక్షల దాకా తిరిగి ఇస్తారని ఉంది. కాకపోతే పేటెంట్ చేతికి వచ్చాకే. ముందు మన జేబులోంచి పెట్టుకోవాలి, బయటిదానికి ఎన్నేళ్లయినా ఎదురు చూడాలి.

చైనా నకలు ఇంతవరకు టాంజానియాలో దిగలేదు. నకలు వచ్చింది పక్క జిల్లా నుంచే. పోయిన ఏడాది ఒక రైతు రిపేరుకని తెచ్చిన మిషన్ మూత తీస్తే, అచ్చం మా పాత మోడల్. అదే రబ్బరు బీటర్, అవే నాలుగు స్ప్రింగులు. స్ప్రింగుల కింద మేము వాషరు దొరక్క పెట్టిన ఇనుప చెక్క కూడా అలాగే పెట్టారు. వీడియో చూసి చేశారని అర్థమైంది. లివర్ లేదు, కాబట్టి నేను అడగడానికి లేదు. రిపేరు చేసి, కూలి తీసుకుని పంపించాను. రైతు పోయేటప్పుడు "మీది కూడా ఇట్లాంటిదే అంట గదా?" అని అడిగాడు. కొత్తది ఆన్ చేసి చూపించాను.

ఆరిపో పరీక్ష రిపోర్టు ఇంకా రాలేదు. మూడు దేశాల ఏటి ఫీజు మాత్రం తప్పకుండా వస్తోంది. మొన్న పది మిషన్లు లారీకెక్కించాం. మా బామ్మర్ది ఈసారీ వీడియో తీశాడు, మూతలు వేసే ఉన్నాయో లేదో నేను రెండుసార్లు చూసుకున్నాక.